వలస: సున్నా శాతం

“ఊరి మనిషి ఎక్కడయ్యా?” అని ప్రొఫెసర్ పళ్ళు నూరారు, పెదాల మీది నవ్వు మాత్రం చెరగనివ్వకుండా. ఎదురుగా విదేశీ అతిథులున్నారు మరి.

“దారిలో ఉన్నారు సార్,” అన్నాడు శిష్యుడు.

ఈ శిష్యుడు పదకొండేళ్లుగా డాక్టరు కాబోతున్నవాడు. మామగారు అతన్ని “కాబోయే డాక్టరు గారూ” అని పిలుస్తారు. మొదట్లో ముద్దుగా పిలిచేవారు, ఇప్పుడా ముద్దు లేదు. ఈ పూట గట్టెక్కితే డాక్టరేటు పట్టా చేతికొస్తుంది. అడవులు, గ్రామీణ జీవనోపాధుల మీద జరుగుతున్న ఈ అంతర్జాతీయ సదస్సులో అతని పత్రానిదే పెద్దపీట. లోతట్టు అడవిలో ఒక ఊరు, నూట పన్నెండు ఇళ్ళు, ఇంటికి అరవై ప్రశ్నలు. చివరికి తేలిందేమిటంటే, ఆ జనం అడవిని కాపాడుకుంటూ హాయిగా బతుకుతున్నారు, ఒక్క కుటుంబం కూడా ఊరు విడిచి పోలేదు. పొద్దున తెర మీద పచ్చటి అక్షరాల్లో “వలస: సున్నా శాతం” అని పడగానే హాలంతా చప్పట్లు కొట్టింది.

“ఇన్ని ఫారాలు నింపాడా, ఒక్కదాని మీద మట్టి మరక లేదు, వానచుక్క లేదు. అదండీ క్రమశిక్షణ!” అని ప్రొఫెసర్ కనబడిన వాళ్ళందరికీ చెప్పుకున్నారు.

మరకలు ఎక్కణ్ణుంచి వస్తాయి? పాత జనాభా లెక్కల జాబితా ముందు పెట్టుకుని, అద్దెగదిలో ఫ్యాను కింద కూర్చుని, అన్నీ తనే నింపాడు. ఆ ఊరు చేరాలంటే బస్సు దిగాక పద్దెనిమిది కిలోమీటర్లు నడవాలి. అతనికి మడమనొప్పి.

అంతా సవ్యంగా సాగుతుంటే, సదస్సుకు పెద్దదిక్కయిన విదేశీ ఆచార్యురాలు మధ్యాహ్నం ఆ ఊరి మనిషిని వేదిక మీద చూడాలని పట్టుబట్టింది. శిష్యుడు సదస్సు జరుగుతున్న హోటల్ వరండాల్లో కాలుగాలిన పిల్లిలా తిరిగి తిరిగి, వంటగది వెనక టీ కప్పులు కడుగుతున్న ఆవిడ దగ్గర ఆగాడు. యాభై దాటిన మనిషి, చేతులు కాయలు కాచి ఉన్నాయి. పొద్దుటిదాకా ఆవిణ్ణి “ఇదిగో” అని పిలిచినవాడికి ఉన్నట్టుండి వరస గుర్తొచ్చింది.

“అమ్మా, ఒక్క సాయం చెయ్యాలి.”

“చెప్పు బాబూ.”

“ఒక్క పది నిమిషాలు అడవి ఊరి మనిషిలా స్టేజీ మీద కూర్చోవాలి. ఏమడిగినా ‘బాగున్నామండీ’ అను, చాలు.”

“ఏ ఊరు?”

అతను ఊరి పేరు చెప్పాడు. ఆవిడ చేతిలో కప్పు ఆగింది.

“ఇల్లు ఎన్నో నంబరని అడిగితే?”

“నూట పన్నెండు లోపు ఏదో ఒకటి చెప్పెయ్.”

“ముప్పై ఏడు,” అంటూ లేచింది ఆవిడ.

వేదిక వెనక ప్లాస్టిక్ ఆకులతో ఒక అడవి కట్టారు. చెట్లను కాపాడమని చెప్పే దళసరి కాగితపు పుస్తకాలు మనిషికి మూడు చొప్పున పంచారు. ఆవిడ ముందు నీళ్ళ సీసా, మైకు పెట్టి, పక్కన దుబాసీని కూర్చోబెట్టారు.

“అడవితో మీ అనుబంధం ఎలాంటిది?” అని విదేశీ ఆచార్యురాలు అడిగింది.

“అనుబంధమంటే నాకు తెలీదండీ. మా ఇంటి వెనకే వాగు. ఎండాకాలం ఇసక తవ్వితే మోకాలి లోతులో నీళ్ళు పడేవి. తేనెపట్టు మొత్తం కోసేవాళ్ళం కాదు, ఈగల పిల్లలున్న వైపు వదిలేసేవాళ్ళం. అటు చెయ్యి పెడితే మా అత్త మొట్టేది.”

హాల్లో అందరూ గబగబా రాసుకున్నారు. శిష్యుడు నోరు తెరుచుకుని చూస్తున్నాడు. కప్పులు కడిగే మనిషిలో ఇంత నటన ఉందని ఎవరనుకుంటారు!

“మీ ఊరు వదిలి ఎవరూ పోరట. నిజమేనా?”

ఆవిడ తలెత్తి, తెర మీది సున్నాని కాసేపు చూసింది.

“నిజమేనండీ. ఇప్పుడు అక్కణ్ణుంచి ఎవరూ పోరు.”

చప్పట్లు హోరెత్తాయి. విదేశీ ఆచార్యురాలు కళ్ళు తుడుచుకుని లేచి నిలబడింది.

“రేపు పొద్దున అందరం ఆ ఊరికే వెళ్దాం. రెండు బస్సులు మాట్లాడండి. ఆ తర్వాత నడుస్తాం!”

ప్రొఫెసర్ ఉప్పొంగిపోయి శిష్యుడి భుజం తట్టారు. “నీ పట్టా సంగతి ఆ ఊళ్ళోనే, ఆ జనం మధ్యే ప్రకటిస్తానయ్యా!”

శిష్యుడు ముందు భయపడ్డాడు, తర్వాత తేరుకున్నాడు. ఊరన్నాక జనం ఉంటారు. జనం అన్నాక ఏదో ఒకటి మాట్లాడతారు. ఈవిడ ముందు నడిచి వాళ్ళని కాస్త మచ్చిక చేసుకుంటే చాలు, మిగతాది తను సర్దుకోగలడు. మడమనొప్పి కూడా మర్చిపోయి వంటగది వెనక్కి పరిగెత్తాడు. ఆవిడ అప్పటికే మళ్ళీ కప్పుల ముందు ఉంది.

“అమ్మా, అదరగొట్టేశావు! వాగట, తేనెపట్టట, నేనే నమ్మేశాను. రేపు కూడా నువ్వు రావాలి. అక్కడి వాళ్ళతో నువ్వే మాట్లాడాలి.”

“నువ్వు ఆ ఊరు ఎప్పుడెళ్ళావు బాబూ?”

“వెళ్ళడమా! మూడేళ్ల కిందట వెళ్ళినట్టు ఫారాల్లో రాశాను. ఎవరన్నా అడిగితే నువ్వూ అదే చెప్పు.”

“ముప్పై ఏడో ఇంటి గురించి ఏం రాశావు?”

“ఏం రాశానబ్బా... ఐదుగురు మనుషులు, రెండావులు, సుఖంగా ఉన్నారు. ఏం?”

ఆవిడ ఆఖరి కప్పు బోర్లించి, తడి చేతులు తుడుచుకుని, మొదటిసారి అతని మొహంలోకి సూటిగా చూసింది.

“మా ఊరు ఖాళీ చేయించి ఏడేళ్లయింది బాబూ.”