భీమిలి వాళ్ళతో పోటీ

సబ్బవరం మహిళా సంఘం పెట్టి పన్నెండేళ్ళయింది. పుష్కరోత్సవానికి ముఖ్య అతిథిగా ఎవరిని పిలవాలా అన్న దగ్గర ఆదిలక్ష్మమ్మ ఆలోచించడానికి ఎవరికీ వ్యవధి ఇవ్వలేదు.

“భీమిలి సంగం పెసిడెంటుని పిలుద్దాం. ఇన్నేళ్ళు ఆళ్ళతో పోటీ పడ్డాం. ఓపాలి మొకం సూడొద్దేటి?”

అందరూ చప్పట్లు కొట్టారు. అధ్యక్షురాలు పద్మావతి మాత్రం తాగబోతున్న టీ గ్లాసు కింద పెట్టింది.

“ఆవిడ రారండి,” అంది. “తీరిక ఉండదు.”

ఆ పోటీ ఇవాళ్టిది కాదు. భర్త వీర్రాజుకి పోర్టులో ఉద్యోగమొస్తే, కాకినాడ వైపు నుంచి వచ్చి సబ్బవరంలో ఇల్లు కట్టుకుంది పద్మావతి. తొంభై ఒకటిలో సంఘం పెట్టింది. మొదట్లో మీటింగుకి వచ్చినవాళ్ళు పకోడీలు తిని, చీరల కబుర్లు చెప్పుకుని లేచిపోయేవారు. మురుక్కాలవ మాటెత్తితే చాలు, అందరికీ పొయ్యి మీద పాలు గుర్తొచ్చేవి.

అలాంటి ఒక శుక్రవారం పద్మావతి భీమిలి కబురు చెప్పింది. అక్కడి ఆడవాళ్ళు సంఘం పెట్టి, చీపుళ్ళు పట్టి, వీధి కాలవ తామే బాగు చేసుకున్నారట.

“సేపలూరోళ్ళు సేసినారా?” అంది ఆదిలక్ష్మమ్మ. “మరి మనకేటి రోగం?”

అందరూ నూకాలు వైపు తిరిగారు. సంతవీధిలో ఎండుచేపల కొట్టు ఆమెది. కన్నవారిది భీమిలి.

“మా ఊరోళ్ళు అంతేనండి,” అంది నూకాలు. “పట్టారంటే ఒదల్రు.”

మర్నాడు పొద్దున్నే కాలవ గట్టున చీపుళ్ళూ పారలూ బారులు తీరాయి.

అప్పట్నుంచి అదే వరస. వేసవిలో భీమిలి వాళ్ళు చలివేంద్రంలో మజ్జిగ పోస్తున్నారట అంటే, వీళ్ళు మజ్జిగలో నిమ్మాకులు కూడా వేశారు. అక్కడ బస్టాండులో ఆడవాళ్ళకి మరుగుదొడ్డి వచ్చిందట అంటే, వీళ్ళు వెళ్ళి మండలాఫీసు మెట్ల మీద కూర్చుని, మంజూరయ్యే దాకా లేవలేదు. అది తెరిచిన రోజున, పల్లెల నుంచి పెన్షను కోసం వచ్చిన ముసలమ్మలు పద్మావతి గడ్డం పట్టుకుని ముద్దు పెట్టుకున్నారు. ఆ ముద్దులు తనకి చెందుతాయో భీమిలికి చెందుతాయో ఆమెకి తేలలేదు.

ఓసారి ఎవరో వీర్రాజుని అడిగారు, భీమిలి సంఘం నిజంగా అంత గట్టిదా అని. ఆయన పేపర్లోంచి తలెత్తి, భార్య మొహం చూసి, మళ్ళీ పేపర్లోకి వెళ్ళిపోయాడు.

“తీరిక లేకపోతే మనవే ఎల్దాం,” అంటోంది ఇప్పుడు ఆదిలక్ష్మమ్మ. “వేను మాట్లాడుకుని అందరం ఎల్లి, బొట్టెట్టి పిలుద్దాం. అప్పుడెలా రాదో సూత్తాను.”

బొట్టు పెట్టి పిలవడం కాదనడానికి పద్మావతికి సాకు దొరకలేదు. అందరూ వెళ్ళి భీమిలిని కళ్ళారా చూశాక, ఈ ఊళ్ళో ఇక తన మాటకి విలువేం ఉంటుంది? ఆడపిల్లల బడికి ప్రహరీగోడ కట్టించాలని ఉంది. రేపు రమ్మంటే ఎవరొస్తారు?

“వేన్లెందుకండి?” అంది నూకాలు. “ఆదోరం నాను కన్నోరింటికి ఎల్తన్నాను. నాను పిలిసొచ్చేత్తాను.”

పద్మావతికి ఆ వారమంతా కూరల్లో ఉప్పు కుదరలేదు. సోమవారం సంచి పట్టుకుని ఎండుచేపల కొట్టు ముందు నిలబడింది.

“పిలిచావా?”

“పిలిసినానండి. వత్తారంట.”

“ఎవరు?”

“ఎవరేటండీ? పెసిడెంటుగోరు.” నూకాలు విసనకర్రతో ఈగల్ని తోలింది. “నెత్తళ్ళు మంచివొచ్చాయి. పావుకేజీ కట్టీనా?”

పద్మావతి అరకేజీ పట్టుకెళ్ళింది. ఏం కొన్నదీ ఇంటికెళ్ళాక గానీ చూసుకోలేదు.

ఉత్సవం రోజున, చెప్పిన వేళకే ఆటో వచ్చి ఆగింది. గంజి పెట్టిన నేత చీర, కళ్ళజోడు, చంకలో హ్యాండుబ్యాగు. “గంగాలమ్మంటారు నన్ను. భీమిలి,” అంటూ దిగింది ఒకావిడ. పద్మావతి దండ చేత్తో పట్టుకుని గుమ్మంలో అలాగే ఉండిపోయింది.

“ఎయ్యమ్మా, వాడిపోతది,” అని ఆదిలక్ష్మమ్మ మోచేత్తో పొడిచింది.

గంగాలమ్మ మైకు ముందు కాసేపు గొంతు సవరించుకుంది.

“నాకు ఉపన్నేసాలు రావండి. మా ఊళ్ళో ఆడోళ్ళు బద్దకించినప్పుడల్లా ఒకటే మాటంతాను. సబ్బవరమోళ్ళు సేసేసినారంట, మీరింకా కూకున్నారేటి అంతాను. అంతే. సీపురు పట్టుకుని లేత్తారు.”

హాలు ఘొల్లుమంది. ఆదిలక్ష్మమ్మ నవ్వుతూనే కళ్ళొత్తుకుంది. తర్వాత పద్మావతి లేచి బడి గోడ సంగతి చెబితే, ఈసారి ఎవరికీ పాలు గుర్తు రాలేదు. ఇసుక ఎవరిది, ఇటుక ఎవరిది అని కుర్చీల్లోంచే పంచేసుకున్నారు.

అందరూ వెళ్ళిపోయారు. వెనక వసారాలో పద్మావతి గ్లాసులు కడిగి ఇస్తుంటే, నూకాలు తుడిచి బోర్లిస్తోంది.

“నూకాలూ,” అంది పద్మావతి తలెత్తకుండా. “ఆవిడెవరే?”

నూకాలు చేతిలో గ్లాసుని వెలుతురుకి పెట్టి చూసి, ఇంకోసారి తుడిచింది.

“మా వదినండి, లేని సంగం పేరు సెప్పి పన్నెండేళ్ళు మా సేత ఊరు బాగు సేయించారు కదా అమ్మగోరూ, ఒక్క పూటకి దానికో పెసిడెంటుని నాను తేలేనా?”