జూరీ పెద్ద

ఏలూరు హత్య కేసులో విమలారాణిని జూరీ పెద్దగా ఎంపిక చేశారు. జూరీ గదిలో ఆమె ఒక్కతే మనిషి. మిగతా పదకొండు మందీ తమ బదులు ఆలోచించే యంత్రాలను కుర్చీల్లో పెట్టి ఎవరి పనులకు వాళ్లు వెళ్లిపోయారు.

"సాక్షి మాట మార్చాడు కదా, ఒకసారి చర్చిద్దాం," అందామె.

"చర్చ అయిపోయిందండి. ముద్దాయి దోషే," అన్నాయవి.

ఆమె ఒక జూరీ సభ్యుడికి ఫోన్ చేసింది.

"పెళ్లిలో ఉన్నానమ్మా. అదేం చెబితే అదే నా మాట," అన్నాడాయన.

ఆమె మాత్రం ముద్దాయి నిర్దోషి అనే ఓటేసింది. అయినా మెజారిటీ తీర్పును మనిషి నోటితో వినిపించడం జూరీ పెద్ద విధి. కోర్టులో వినిపించింది.

ఆ గదిని ఎన్నడూ చూడని ముద్దాయి, లారీ డ్రైవర్ జోజప్ప, బోనులోంచి చేతులు జోడించాడు.

"పోన్లెండి మేడమ్. పన్నెండు మంది మనుషులు కూర్చుని ఆలోచించారు గదా."

ఆమె అవునన్నట్టు తలూపింది.