గదులు ఖాళీ ఉండని హోటలు

“ఈ నాలుగేళ్లూ ఎక్కడ పనిచేశావ్?” కళ్లజోడు పైనుంచి చూస్తూ అడిగింది రొట్టెల దుకాణం యజమానురాలు మిసెస్ మెక్‌ఫీ.

ఈ ప్రశ్న వస్తుందని ఐలీన్‌కు తెలుసు. పనిచేసిన మాట నిజమే, కాకపోతే ఆడవాళ్ల జైలు వంటశాలలో. గ్లాస్గోలో రొట్టెల దుకాణాలకు కొదవలేదు గానీ, నిజం చెప్పిన ప్రతిచోటా ఖాళీల్లేవన్నారు. ఉద్యోగం దొరికితేనే కూతురు కిర్స్టీని పెంపుడింటి నుంచి తన దగ్గరికి పంపుతామన్నారు అధికారులు. అందుకే ఈసారి అబద్ధానికి సిద్ధపడి వచ్చింది. అబద్ధమాడినా అతికినట్టుండాలి కదా!

“ఊరి చివర ఒక పెద్ద హోటల్లాంటిదండీ. రొట్టెలన్నీ నేనే చేసేదాన్ని.”

“బేరాలు బాగుండేవా?”

“గదులు ఒక్కరోజు కూడా ఖాళీ ఉండేవి కావు. ఒక్కోదాంట్లో ఇద్దరేసి.”

“పైవాళ్లు మంచివాళ్లేనా?”

“మమ్మల్ని కళ్లముందు నుంచి కదలనిచ్చేవాళ్లు కాదండీ.”

“మరి అంత మంచి చోటు ఎందుకు వదిలేశావ్ తల్లీ?”

“గడువు... అదే, ఒప్పందం అయిపోయింది.”

“ఊఁ” అని పిండిముద్ద ముందుకు తోసింది ముసలామె. పిండి దగ్గర ఐలీన్‌కు అబద్ధమాడాల్సిన పని లేదు. రొట్టెలు పొంగి, ఎర్రగా కాలి వచ్చాయి. మిసెస్ మెక్‌ఫీ ఒకటి విరిచి, వెన్న రాసి, నిలబడే మొత్తం తినేసింది.

“సోమవారం తెల్లారేసరికి వచ్చెయ్. ఆలస్యమైతే ఊరుకోను, ముందే చెబుతున్నా!”

ఐలీన్‌కు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. థాంక్స్ మీద థాంక్స్ చెప్పి, కోటు తొడుక్కుని, బయటికి వెళ్దామని తలుపుదాకా నడిచి ఆగింది.

ఆగి, అలాగే నిలబడింది. చేతులు రెండూ ఒంటికి ఆనించుకుని, బుద్ధిగా.

కాసేపటికి గానీ తానేం చేస్తోందో ఆమెకే తెలియలేదు. లోపల ఉన్నన్నాళ్లూ ఏ తలుపూ తన చేత్తో తీసి ఎరగదు. గార్డు వచ్చి తాళం తీస్తేనే నడక. అబద్ధాలన్నీ అతికాయి గానీ, పాడు అలవాటు కొంప ముంచింది. వెనక్కి తిరిగే ధైర్యం లేదు. కిర్స్టీ మొహం కళ్లలో మెదిలింది.

మిసెస్ మెక్‌ఫీ చేతులు తుడుచుకుంటూ వచ్చి పక్కన నిలబడింది.

“పిడి మనమే తిప్పుకోవాలి అమ్మాయ్,” అంది మెల్లగా. “విడుదలైన కొత్తలో నేనైతే పాలవాడొచ్చి తీసేదాకా ఇక్కడే నిలబడ్డాను.”