గాలి అక్కరలేని ప్రాణులు

పంతొమ్మిది వందల నలభై మూడో సంవత్సరం ఎండలకు గూళూరు పక్క పల్లెలో బావులన్నీ వట్టిపోయాయి.

ఊరి చివరి పాడుబావిలో పూడిక తీస్తే నీళ్లు పడతాయన్నారు. దిగడానికి లక్ష్మణప్ప ఒప్పుకున్నాడు.

పైన పరిచిన బండలు తొలగించిన పొద్దున, భుజాన సంచితో ఎవరో పెద్దమనిషి వచ్చాడు. బావిలోకి వంగి వాసన చూశాడు. అతని ముఖం పాలిపోయింది.

"దీంట్లోకి ఎవురూ దిగొద్దప్పా," అన్నాడు.

సంచిలోంచి ఒక సీసా తీశాడు. అందులో నల్లటి బురద. సముద్రం అడుగున తీసిందట. దానిలో కంటికి ఆనని ప్రాణులున్నాయని, ఒక్కొక్కదానికి ఒళ్లంతా ఒకే కణమని, గాలి లేకుండానే అవి బతుకుతాయని చెప్పాడు. ఇరవై ఏళ్లుగా తను చదువుతున్నది వాటినేనన్నాడు.

గాలి లేకుండా బతికేవి దయ్యాలేనని ఊరిపెద్ద వెంకటరాయప్ప నవ్వాడు.

"అట్లాంటివి ఈ బావి బురదలోనూ ఉండాయి," అన్నాడు సంచి మనిషి. " వాటికి బాగుండే తావులో మనం బతకలేమప్పా. దీపం దించి చూడండి."

లక్ష్మణప్ప భార్య అంజనమ్మ లాంతరు తెచ్చింది. తాడు కట్టి దించారు.

సగం లోతులో దీపం ఆరిపోయింది. మళ్లీ వెలిగించి దించారు. మళ్లీ అక్కడే ఆరింది.

అది ఆ సీసా మహిమేనన్నాడు వెంకటరాయప్ప. సీసా లాక్కుని బండకేసి కొట్టించాడు. ఆ మనిషిని పొలిమేర దాకా తరిమారు.

అంజనమ్మ మొగుడి చెయ్యి వదల్లేదు.

"బిడ్డలకు నీళ్లు కావల్ల గదా," అని లక్ష్మణప్ప మెల్లగా విడిపించుకున్నాడు.

తాడు పట్టుకుని దిగాడు. దీపం ఆరిన చోటు దాటాడు.

తాడు ఉన్నట్టుండి తేలికైంది. కేక కూడా వినబడలేదు.

అతని తమ్ముడు శ్రీనివాసప్ప పంచె బిగించి తాడందుకున్నాడు. అంజనమ్మ అతని కాళ్లు రెండూ చుట్టేసుకుంది.

"ఆయన లేడప్పా. నువ్వన్నా ఉండు."

ఆ మాట ఎలా అనగలిగిందో ఆమెకే తెలియదు.

మర్నాడు బాగేపల్లి తాలూకా అమల్దారు కచేరీ నుంచి గుమాస్తా ఆదిశేష వచ్చాడు. ఆ బావిని వెంటనే మూయించమని ముందురోజు సాయంత్రం భుజాన సంచితో ఎవరో వచ్చి అర్జీ ఇచ్చి, చింతామణి బస్సెక్కి వెళ్లిపోయారట.

అతనెవరో చెప్పమని అంజనమ్మ అడిగింది.

ఆదిశేష కాగితం చివర చేసిన సంతకం చదివాడు: "నలభై ఏండ్ల కిందట పేరేసంద్ర నుంచి కూలికొచ్చి, ఇదే బావిలో దిగి, పైకి రాని బయ్యప్ప కొడుకు, రామాంజినప్ప."