హ్యాంగర్‌లో గైడు

“అక్కడేముందండీ, తుప్పు పట్టిన ఇనుము తప్ప!” అన్నాడు రామమోహన్.

శ్యామ్‌సుందర్ వినిపించుకోలేదు. అది 1985 వేసవి. అతను కొత్తగా వ్యాన్ కొన్నాడు. తాముండే ప్లేనో నుంచి రెండు గంటలు డ్రైవ్ చేస్తే, మూతపడ్డ ఎయిర్‌ఫోర్స్ బేస్‌లో విమానాల మ్యూజియం పెట్టారని ఎక్కడో చదివాడు.

“ఏళ్ల తరబడి ఆ బేస్‌లో పనిచేసిన మనిషి మీరు. మీరు పక్కన లేకుండా చూస్తే ఏం మజా?”

రామమోహన్ ఇంకో సాకు వెతుక్కుంటూ ఉండగానే, ఎక్కడికీ కదలని అతని భార్య వసుమతి, “నేనూ వస్తాను అన్నయ్యగారూ,” అంది. ఇక అతను కాదనలేకపోయాడు.

ఆ ఊరు, ఆ నీళ్ల ట్యాంకు, ఆ గేటు. అన్నీ అలాగే ఉన్నాయి. గేటు దగ్గర కాపలా మాత్రం లేదు. రన్‌వే పగుళ్లలో గడ్డి మొలిచింది. ఒకప్పుడు ఆ రన్‌వే బాగోగులు చూసే ఇంజనీరు రామమోహన్. కొత్తలో, బాంబర్లు లేస్తుంటే వంటింట్లో గిన్నెలు గలగలలాడేవి. వసుమతి చెవులు మూసుకునేది. తర్వాత తర్వాత, అవి ఎగరని రోజున ఆమెకే నిద్ర పట్టేది కాదు.

ఆ దంపతులకి ఆ ఊళ్లో మొదట ఎవరూ ఇల్లు అద్దెకివ్వలేదు. చివరికి ఇచ్చింది, బేస్‌లోనే పనిచేసే ఒక నల్లజాతి సార్జెంటు. ఆ సంగతి రామమోహన్ ప్లేనోలో ఎవరికీ చెప్పుకోలేదు.

హ్యాంగర్ లోపల చల్లగా ఉంది. రెక్కకి రెక్క తగిలేంత దగ్గరగా విమానాలు నిలబెట్టి ఉన్నాయి. గైడు ఎదురొచ్చాడు. నల్లజాతి యువకుడు, ముప్పై ఏళ్లుంటాయి. ఎయిర్‌ఫోర్స్‌లో మెకానిక్‌గా చేశాడట. బేస్ మూసేశాక ఈ విమానాలని కనిపెట్టుకుని ఇక్కడే ఉండిపోయాడట.

“వెల్‌కమ్,” అన్నాడు. అతని చూపు రామమోహన్ మీద ఒక్క క్షణం ఆగింది. రామమోహన్ బాంబర్ కేసి చూశాడు.

గైడు చక్కగా చెప్పుకొచ్చాడు. ఏ విమానం ఎక్కడెక్కడ ఎగిరిందో చెప్పాడు. ఎండాకాలం రెక్క మీద నిలబడి పనిచేస్తే బూట్లు అతుక్కుపోయేవని నవ్వుతూ చెప్పాడు.

“వీడికి విమానం అప్పజెప్తే స్పేర్ పార్ట్స్ అమ్ముకు తినేస్తాడండీ,” అన్నాడు శ్యామ్‌సుందర్, ముఖాన నవ్వు చెరగనివ్వకుండా తెలుగులో. ఏదో మెచ్చుకోలు అనుకున్నట్టు గైడు తనూ నవ్వాడు.

రామమోహన్ కూడా నవ్వాడు. ఆ నవ్వు రేకుల కప్పుకి తగిలి తిరిగొచ్చింది. తన గొంతేనా అది అనిపించింది.

“నెమ్మదిగా అనండి. వింటాడు.”

“వింటే? వాడికి తెలుగొచ్చా ఏంటి! అన్నట్టు, మీ అమ్మాయి నళిని కాలిఫోర్నియాలో ఉందన్నారు కదా? మా ఆవిడ తమ్ముడు డాక్టరు. గ్రీన్ కార్డ్ ఉంది. ప్రొపోజల్ కదపమంటారా?”

గైడు విమానం చక్రం మీద చెయ్యి ఆనించి, వాళ్ల మాటలయ్యేదాకా ఓపిగ్గా ఆగాడు.

“ఇప్పుడే పెళ్లి చేసుకోనంటోందండీ,” అన్నాడు రామమోహన్, నేల మీది నూనె మరకని చూస్తూ.

వసుమతి భర్తకేసి చూసింది. కొంగు భుజం చుట్టూ కప్పుకుని వెనకబడింది.

శ్యామ్‌సుందర్ కాక్‌పిట్‌లోకి ఎక్కి ఫోటో తీయమన్నాడు. రామమోహన్ కెమెరా ఎత్తాడు. పక్కన, సరుకుల విమానం రెక్క కింద వసుమతి కనిపించింది. వచ్చీరాని ఇంగ్లిష్‌లో, చేతులు తిప్పుతూ గైడుని ఏదో అడుగుతోంది. గైడు టోపీ తీసి చేత్తో పట్టుకుని జవాబు చెబుతున్నాడు. ఆమె కళ్లొత్తుకుంది. వెళ్లి పక్కన నిలబడాలని రామమోహన్‌కి అనిపించింది. కాళ్లు కదల్లేదు. ఫోటో మాత్రం కదిలిపోయింది.

బయల్దేరేటప్పుడు గైడు శ్యామ్‌సుందర్‌కి షేక్‌హ్యాండ్ ఇచ్చాడు. తర్వాత రామమోహన్ వైపు చెయ్యి చాచాడు. రామమోహన్ రెండు చేతులతో కెమెరా తోలు సంచీ సర్దుకుంటూ నిలబడ్డాడు. సర్దడానికి అందులో ఏమీ లేదు.

“డ్రైవ్ సేఫ్‌లీ, సర్,” అన్నాడు గైడు. చాచిన చెయ్యి మెల్లగా దించేసుకున్నాడు.

రామమోహన్‌కి చెవులు మండిపోయాయి. వ్యాన్‌దాకా తలెత్తకుండా నడిచాడు. వెనక్కి వెళ్లి ఆ చెయ్యి పట్టుకుంటే ఏం పోతుంది? ఏమీ పోదు. అయినా వెళ్లలేదు.

వ్యాన్ గేటు దాటింది. శ్యామ్‌సుందర్ అద్దంలోంచి వెనక సీటుకేసి చూశాడు.

“ఏం చెల్లెమ్మా, ఆ నల్లవాడితో అంతసేపు ఏం కబుర్లు?”

రామమోహన్ గబుక్కున భార్య మణికట్టు పట్టుకున్నాడు. ఆమె విడిపించుకుంది.

“మా నళిని ఎలా ఉందని అడిగాను అన్నయ్యగారూ, పెళ్లయిన ఇన్నేళ్లకి మా అల్లుడితో మాట్లాడడం ఇవాళే మొదటిసారి.”