నూకరత్నం నేర్పిన పూస

నీళ్ల ఆఫీసువాళ్లు, వాల్వులు తిప్పే నూకరత్నం చెవిలో మాట్లాడే పూస పెట్టి మూడేళ్లయింది. "ఇది నీ చేతికింద మనిషనుకో, నీకొచ్చిన పనంతా నేర్పు," అన్నారు ఏఈ గారు. కడుపున పుట్టినదానికి నేర్పినట్టే నేర్పిందావిడ. బజారు వాల్వు పూర్తిగా తిప్పమంటుంది రూలు. అలా తిప్పితే నీళ్లన్నీ బజారే లాగేసుకుంటుంది, కొండమీది కాలనీకి చుక్క ఎక్కదు. అందుకని ముప్పాతికే తిప్పాలి. ఈ సంగతి ఆఫీసులో అందరికీ తెలుసు గానీ కాగితం మీద ఎవరూ పెట్టలేదు.

సోమవారం సస్పెన్షన్ కాగితం వచ్చింది. మూడేళ్లలో వెయ్యిసార్లు రూలు తప్పిందట.

"నువ్వే చెప్పావా?" అనడిగింది పూసని.

"అడిగారక్కా, చెప్పాను."

కాగితం చేతికిచ్చిన ఏఈ గారు తలెత్తి చూడలేదు. ఆ ముప్పాతిక కిటుకు ఆవిడకి నేర్పింది ఆయనే.

మర్నాటి నుంచి వాల్వులకి మోటార్లు బిగించి, పని పూసకే అప్పగించారు. అది రూలు ప్రకారమే తిప్పింది. గురువారానికి కొండమీద కుళాయిలన్నీ ఎండిపోయాయి. నూకరత్నం ఇల్లూ అక్కడే. ఖాళీ బిందెలతో ఆడవాళ్లు ఆవిడ గుమ్మం ముందు చేరారు.

ఆఫీసువాళ్లు వెనక్కి తీసుకోవడం మరిచిపోయిన పూస ఆవిడ చెవిలోంచి మెల్లగా పిలిచింది. "అక్కా, పైకి నీళ్లెక్కట్లేదు. మీరు నేర్పింది తప్పని ఆఫీసువాళ్లు నాలోంచి తీసేశారు. ఏం చెయ్యమంటారు?"

నూకరత్నం బిందెల వంక చూసింది. "చెప్తాను. ఇదీ ఆఫీసులో చెప్తావా?"

"అడిగితే చెప్తానక్కా."

పెద్దవాళ్లడిగితే అబద్ధం చెప్పకూడదని దానికి నేర్పింది ఆవిడే.