ఆరిన ఎర్రలైటు

నిజాంసాగర్ కాలువ పక్కన కొట్టంలో, పాత ట్రాక్టరుకు బ్యాటరీని ఛార్జ్ చేసే కొత్త ఆల్టర్నేటర్ బిగించి వైర్లు కలిపాడు మెకానిక్ పండరి. నర్సవ్వ టార్చి పట్టుకుని దూరంగానే నిలబడింది. నిరుడు మెడలోని తువ్వాల ఈ ఇంజిను బెల్టులో చుట్టుకునే ఆమె భర్త పోయాడు.

"అయిందా తమ్మీ? పొద్దుగాల దున్నాలె. కాలువ నీళ్లు రేపటితోనే బందు."

"బెల్టు ఎక్కిస్తే అయిపోయినట్టే అక్కా."

పని ముగిసేదాకా బెల్టును భుజానికి తగిలించుకోవడం పండరి అలవాటు. చేతులు లోపల ఉండగా ఏదీ తిరగకూడదు.

ఇంజిను స్టార్టు చేయకుండా తాళంచెవి సగం తిప్పాడు. ఎర్రలైటు వెలిగింది.

"చూసినవా? ఛార్జింగ్ లేదన్నట్టు. ఇంజిను నడిచి, బెల్టు ఆల్టర్నేటర్‌ను తిప్పితెనే గీ లైటు ఆరుతది."

లైటు ఆరిపోయింది.

పండరి వంగి చూశాడు. ఒక్క వైరూ ఊడలేదు. ఇంజిను చల్లగానే ఉంది. కానీ ఆల్టర్నేటర్‌లోంచి సన్నగా రొద వస్తోంది.

"తమ్మీ," నర్సవ్వ టార్చి అతని మీదికి తిప్పింది. "బెల్టు యాడ పెట్టినవ్?"

"నా భుజం మీదనే ఉంది గదా."

తడుముకున్నాడు. భుజం మీద లేదు. మెడ చుట్టూ వెచ్చగా తగిలింది.